దస్తగిరమ్మ దరఖాస్తు

రేకు 1

గాలి పడమర. ఆకు నలిపితే పిండి. పొగ లేదు.

మంటకాలంలో అడవిలోకి కాగితం తీసుకురాకూడదు. అందుకే మా దళం దినచర్యను రేకు మీద సూదితో గీకుతాను. గాలి, ఎండు, పొగ, ఈ మూడూ రాస్తే చాలంటాడు మేస్త్రీ హుస్సేనప్ప. ఆయన చాలన్న దగ్గరే రాయాల్సింది మొదలవుతుందని నా నమ్మకం.

ఇవాళ మధ్యాహ్నం గద్ద వచ్చింది. అగ్ని శాఖ వాళ్ల ఎగిరే యంత్రాన్ని మేం అలాగే అంటాం. మామూలుగా అది మంట మీద ఎర్రమందు చల్లుతుంది, లేకపోతే మా తలకాయలు లెక్కపెట్టుకుని పోతుంది. ఇవాళ మాత్రం గుడారాల మీద నిలబడి ఆడగొంతుతో ఒక ప్రకటన చదివింది. శాఖలో పర్మినెంటు అగ్నిదళం పోస్టులు పడ్డాయట. ఇన్నాళ్లూ మంట మంటకూ కూలికి పోయినవాళ్లు దరఖాస్తు చేసుకోవచ్చట. దరఖాస్తు రెండు రేకులకు మించకూడదు. దాన్ని చదివేది మనిషి కాదు, మదింపు యంత్రం. రాయని పనిని చేయని పనిగానే లెక్కిస్తుంది. వయసు ముప్పై ఏడు దాటకూడదు.

"దాటకూడదంటే, నిండితే పర్వాలేదా?" అని అడిగింది దస్తగిరమ్మక్క.

అక్క మా దళానికి పెద్ద. ఈ తడికాలం వస్తే ముప్పై ఏడు నిండుతాయి. మరుసటి ఏడు అడగడానికి ఆమెకు వీలుండదు.

"నిండినా నిండకపోయినా వాళ్ల దగ్గరికి ఎందుకక్కా పోవడం?" అన్నాను. "మన పొయ్యిలో నిప్పు తీసుకుపోయినోళ్లు వాళ్లు. నిప్పు పెడితే జైలన్నోళ్లు వాళ్లు. మన పుల్లమ్మ కొడుక్కి పొయ్యి అంటే ఏందో తెలవదు. అట్లాంటోళ్ల గడప కాడ నిలబడి జీతం అడుగుతావా?"

"నీ చొక్కా బాగా మాట్లాడతాందిరా ఈరోజు" అంది.

అందరూ నవ్వారు. కరపత్రాలు ఇప్పుడు గుడ్డ మీదే అచ్చవుతాయి. దొరికినవాటిని దొరికినట్టు చొక్కా లోపలివైపు కుట్టుకుంటాను. బడి మూతపడ్డాక నా చదువంతా ఆ అతుకుల్లోనే సాగింది. దాన్ని వీళ్లు చొక్కాచదువు అంటారు.

"నవ్వండి. ఏదో ఒకరోజు..."

"ఆ రోజు సంగతి ఆరోజు చూస్తాం గానీ, నీ చొక్కా ఊపిరి కడుగుతాదా అబ్బీ?"

పర్మినెంటు వాళ్లను ప్రతి తడికాలంలో శాఖ ఆసుపత్రికి తీసుకుపోతారు. అక్కడొక యంత్రం ఊపిరితిత్తుల్లో మసిని కడిగేస్తుంది. కూలీలకు ఆ యంత్రం గేటు కూడా తెరవదు. అక్క పన్నెండు మంటకాలాలు చేసింది. దగ్గి ఉమ్మితే నల్లగా పడుతుంది. దాని మీదికి కాలితో మట్టి తోస్తుంది, ఎవరూ చూడలేదనుకుంటుంది.

"రాస్తాలే" అన్నాను.


రేకు 2

గాలి నిలకడగా లేదు. తూర్పు కొండ వెనక సన్నటి పొగ. ఇంకా మన వైపు కాదు.

పొద్దుటి నుంచి గీత కొడుతున్నాం. గీత అంటే నేలను ఒక బాట మేర ఆకూ గడ్డీ లేకుండా గీకి మట్టి తేల్చడం. మంట అక్కడికి వచ్చి తినడానికి ఏమీ లేక ఆగాలి. గొడ్డలి ముందు, పార వెనక, దంతె చివర. అక్క గొడ్డలి, అన్నదమ్ములు మద్దయ్య, చిన్నమద్దయ్య పారలు, పుల్లమ్మ, నేను దంతెలు. విరామంలో రేకు తీసి ఒళ్లో పెట్టుకున్నాను.

"అక్కా, మొదటి ప్రశ్న. మీరు స్వయంగా చేసిన పని ఏంది?"

"గీత కొట్టినాం."

"అందరం కాదు. నువ్వు."

"చెప్తి గదరా. కొట్టినాం."

"నువ్వొక్కదానివి ఏం చేసినావో అది చెప్పు."

"నేనొక్కదాన్నే కొడితే అది గీతెట్లయితాది? గోకుడయితాది."

పుల్లమ్మ దంతె పడేసి నవ్వింది. పుల్లమ్మ చేరి రెండో మంటకాలం. బిడ్డను తల్లి దగ్గర వదిలి వచ్చింది. అక్క ఆమెను సొంత చెల్లెలిలా తిడుతుంది, తన నీళ్లలో సగం పోస్తుంది.

రెండో ప్రశ్న అడిగాను. ఆపదలో మీరు తీసుకున్న నిర్ణయం ఒకటి వివరించండి. అక్క చాలాసేపు ఆలోచించి, మద్దయ్య ఒకసారి చెట్టు పడే వైపు చూసి అందర్నీ పక్కకు లాగాడని చెప్పింది. నీ నిర్ణయం చెప్పక్కా అంటే, అప్పుడు పక్కకు జరిగిన నిర్ణయం నాదే అంది. మూడో ప్రశ్నకు, చిన్నమద్దయ్య నిప్పు లేకుండా చేసే వంటను మెచ్చుకుంది.

నాకు కోపం రావాలి. రాలేదు. నా చొక్కా ఎడమచేతి అతుకులో ఒక మాట ఉంది: 'నేను' అన్నవాడు ఒంటరి, 'మేము' అన్నవాడు జనం. ఇంతకాలానికి ఆ మాట ప్రకారం నడిచే మనిషి కనిపించింది. ఆమె చెప్పింది చెప్పినట్టు, ప్రతి వాక్యంలో 'మేము' ఉంచి, రెండు రేకులూ నింపాను. ఆ యంత్రానికి జనం అంటే ఏమిటో ఒకసారి తెలియాలి.


రేకు 3

గాలి పడమర. తూర్పు పొగ లావెక్కింది.

మండల కేంద్రానికి పోయి వచ్చాను. మదింపు గదిలో మనుషులు ఉండరు. గోడలో రేకు పట్టేంత సందు ఉంటుంది. దరఖాస్తు లోపలికి తోశాను. టీ చల్లారేంతసేపు కూడా పట్టలేదు.

"నూటికి ఇరవై ఎనిమిది" అంది గోడ. "'మేము' అనే అభ్యర్థి గుర్తించబడలేదు. మరొక్కసారి సమర్పించవచ్చు."

గోడను తన్నాను. కాలు నొప్పి పుట్టింది తప్ప గోడకేమీ కాలేదు.

బయట హుస్సేనప్ప మేస్త్రీ చెట్టులేని నీడలో, రేకుల షెడ్డు కింద కూర్చుని ఉన్నాడు. ఈ చుట్టుపక్కల కూలిదళాలన్నిటికీ ఆయనే మేస్త్రీ. ఎవరు ఏ మంటకు పోయారో వేలిముద్ర వేసి చెప్పాల్సింది ఆయనే. దరఖాస్తుల మీదా ఆ ముద్ర కావాలి, మొదటిదాని మీద చదవకుండానే వేశాడు.

"ఎంతొచ్చిందప్పా?"

చెప్పాను.

"నీ బుర్రలో కొంచెం మట్టి చల్లాల. ప్రకటనలో ఏ మాటుంటే ఆ మాట తిప్పి కొట్టాలప్పా. వాళ్లు 'గద్ద ఆదేశాలు పాటించగలగాలి' అన్యారా? నువ్వు 'గద్ద ఆదేశాలు పాటించితిని' అను. వాళ్లు 'ఎర్రమందు' అంటే నువ్వూ 'ఎర్రమందు' అను. దానికేం తెలుస్తాది, దాని మాట దానికి వినబడితే మురిసిపోతాది. మనుషులూ అంతే గదా."

"అక్క ఏ గద్ద మాటా వినలేదు."

"వినలేదని నేను యాడన్నా చెప్పినానా?"

"అది అబద్ధం మేస్త్రీ."

"అవును. నువ్వు నిజం రాసి ఇరవై ఎనిమిది తెచ్చుకున్యావు గదా. దాన్ని చొక్కాకు కుట్టుకో."

దారి పొడుగునా రగిలిపోతూ వచ్చాను. మధ్యలో నీలంపాడు తగిలింది. ఊరి మొదట్లో శాఖవాళ్లు సిమెంటు గద్ద బొమ్మ నిలబెట్టారు. పోయిన ఏడు కోతులలోయ మంట నుంచి ఈ ఊరిని గద్దలు కాపాడాయని దాని కింద చెక్కారు. ఆడవాళ్లు దానికి బొట్టు కూడా పెడుతున్నారు.

గద్దలు కాపాడలేదు. ఆరోజు పొగకు గద్దలు కళ్లు కనపడక వెనక్కి పోయాయి. మంట లోయలోంచి ఊరి మీదికి దిగుతోంది. అప్పుడు మిగిలింది ఎదురుమంట ఒక్కటే. వచ్చే మంటకు ఎదురుగా మనమే ఇంకో మంట పెట్టి, దానికి ముందున్న గడ్డంతా కాల్చేస్తే, రెండూ కలిసిన చోట రెండూ చచ్చిపోతాయి. గాలి ఒక్క క్షణం వెనక్కి లాగుతుంది. ఆ క్షణం పట్టుకోవాలి. పట్టుకోలేకపోతే పెట్టినవాళ్లే కాలిపోతారు. పట్టుకున్నా జైలే, ఎందుకంటే మనిషి నిప్పు పెట్టకూడదని చట్టం.

అందుకే దళాల్లో ఒక ఆచారం పుట్టింది. ఎదురుమంట వేళ దళపెద్ద చెకుముకి రాయి పట్టుకుని, అందరినీ మంటకు వీపు తిప్పి నిలబడమంటుంది. రాయి ఎవరి చేతికి వెళ్లిందో ఎవరూ చూడరు. తర్వాత ఎవరు అడిగినా గాలి పెట్టిందంటారు. అది అబద్ధం కూడా కాదు, చూసినవాళ్లు లేరు కాబట్టి. ఎవరూ తిరగరు. తిరగడం కంటే గీత మీద నిద్రపోవడం నయమంటారు.

ఆరోజు నేను తిరిగాను. అక్క దగ్గు వినపడి, పడిపోయిందేమోనని తిరిగాను. మోకాళ్ల మీద కూర్చుని, చేయి పైకెత్తి గాలిని చూసుకుంటూ, దగ్గును పళ్ల మధ్య నొక్కిపట్టి, రాయి కొట్టింది. ఒక్క దెబ్బ. నీలంపాడు మొత్తం ఆ దెబ్బ మీద బతికింది.

బొమ్మకు పెట్టిన బొట్టు చేత్తో చెరిపేసి వచ్చాను.


రేకు 4

గాలి ఉత్తరానికి తిరుగుతోంది. ఆకు పట్టుకోకముందే పగులుతోంది.

అక్కకు ఇరవై ఎనిమిది సంగతి చెప్పాను. తక్కువే గదా అంది, అంతే.

"ఇంకొకసారి రాయొచ్చు. కోతులలోయ రాద్దామక్కా."

"ఏం రాస్తావు? గీత కొట్టినాం, మంట ఆగింది."

"ఎట్ల ఆగింది?"

"గాలి."

"గాలికి చెకుముకి రాయి ఎవరిచ్చినారు?"

అక్క గొడ్డలికి పదును పెట్టడం ఆపింది. "సుంకా, గమ్మునుండు."

"ఆ ఒక్కటి తీసేస్తే నువ్వెవరక్కా ఆ రేకులో?"

"ఉద్యోగం అడుక్కునేదాన్ని."

"నువ్వు అడుక్కోవడమేంది. నీలంపాడు నిలబడిందంటే..."

"నిలబడిందిలే. నిలబడింది చాలదా, పేరు గూడ రాయాల్నా?" తర్వాత దగ్గు అందుకుంది. ఎప్పటిలా ఆగలేదు. వంగిపోయి, ఒక చేత్తో గొడ్డలి కర్ర పట్టుకుని, ఇంకో చేత్తో నన్ను దూరంగా పొమ్మని సైగ చేసింది. పుల్లమ్మ నీళ్లు తెచ్చింది. మింగలేకపోయింది. తేరుకుని ఉమ్మాక ఈసారి మట్టి తోయడం కూడా మరిచిపోయింది. చాలా మసి.

"మేస్త్రీ చెప్పినట్టు రాయి" అంది చివరికి. "గద్ద ఆదేశాలని రాయి. నాకేం సిగ్గు లేదు. నాకు ఆ యంత్రం కావాల, అంతే."

రాయడానికి కూర్చున్నాను. గద్ద ఆదేశాలను పాటించితిని అని గీకాను. గీకి చూస్తే ఒళ్లు మండింది. వెనక్కి పోయిన గద్దలకు మొక్కి ఊపిరి తెచ్చుకోవాలా ఈ మనిషి? చదివేది యంత్రమే గదా, జైలుకు పంపేది మనుషులు గదా అనుకుని, రేకు తిప్పి రెండో వైపు మొదలుపెట్టాను. స్థలం, గాలి, మంట దిగిన వాలు, ఆమె మోకాళ్ల మీద కూర్చున్న చోటు, ఎత్తిన చేయి, ఒక్క దెబ్బ. 'నేను' అన్న మాటను ఇంత నమ్మకంగా ఇదివరకెప్పుడూ వాడలేదు. అది నాది కాకపోవడం వల్లనేమో. మేస్త్రీ వేలిముద్ర కోసం వెళ్తే ఆయన ముందువైపు మాత్రం చూసి, "ఇప్పుడు దారికొచ్చినావు" అని ముద్ర వేశాడు.


రేకు 5

గాలి ఉత్తరం. రెండు కొండల మీద పొగ.

నూటికి తొంభై ఆరు.

గోడ ఆ మాట అన్నాక వయసు సరిపోయిందనీ, ఆసుపత్రి పరీక్షకు పిలుపు వస్తుందనీ చెప్పింది. దారంతా పరుగున వచ్చాను. మద్దయ్య నన్ను ఎత్తుకుని తిప్పాడు. చిన్నమద్దయ్య మిగిలిన బెల్లం అంతా నీళ్లలో కరిగించి అందరికీ పోశాడు. పుల్లమ్మ ఏడ్చింది. అక్క ఆ గ్లాసు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది.

"కడిగేటప్పుడు నొప్పి పుడుతాదంటనా?" అని అడిగింది.

"మత్తు ఇస్తారంట" అంది పుల్లమ్మ.

"మత్తు వద్దులే. చూడాల నేను, ఎంత వస్తాదో." మొదటిసారి పళ్లన్నీ కనపడేలా నవ్వింది. తర్వాత నా వైపు తిరిగింది. "గద్ద మాటలకే తొంభై ఆరు ఇచ్చిందా అది?"

నేను చూపు గ్లాసులోకి దించాను. అదే జవాబయింది.

"కోతులలోయ రాసినావా."

"రాసినా."

"ఏమని రాసినావు?"

"నువ్వు చేసిందే."

"నేనేం చేసినానో నీకెట్ల తెలుసు?" అంది. అడుగుతూ అడుగుతూ ఆగిపోయింది. గ్లాసు కింద పెట్టింది. "వీపు తిప్పమంటి గదరా."

మద్దయ్య, చిన్నమద్దయ్య నన్ను కొత్తగా చూసినట్టు చూశారు. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే నేనూ నాలుగు మాటలు అనేవాణ్ణి. నా దగ్గర చాలా ఉన్నాయి, నిజం గురించి, భయం గురించి, చొక్కా నిండా. పుల్లమ్మ గ్లాసులన్నీ ఏరుకుని లోపలికి పోయింది. నా గ్లాసు వదిలేసింది.


రేకు 6

గాలి, ఎండు చూడలేదు. అడవిలో లేను.

పిలుపు వచ్చింది, ఆసుపత్రికి కాదు, శాఖ విచారణ గదికి. ఎక్కువ మార్కులు వచ్చిన దరఖాస్తును మనుషులు మళ్లీ చదువుతారని ఎవరూ చెప్పలేదు. మా ఐదుగురినీ పిలిచారు.

విచారణ అధికారి నడివయసు మనిషి. మాస్కు లేకుండా కూర్చుంది. అక్కడి గాలి కడిగిన గాలి. ఆ గదిలో అక్క ఒక్కసారి కూడా దగ్గలేదు. అది నేను గమనించకుండా ఉంటే బాగుండేది.

మద్దయ్యను అడిగింది. చూడలేదన్నాడు. చిన్నమద్దయ్య చూడలేదన్నాడు. పుల్లమ్మ, "వీపు మంటకుండె మేడమ్, మొగం ఊరికుండె" అంది. అన్నీ నిజాలే.

"దస్తగిరమ్మగారూ," అంది అధికారి, రేకు వెనకవైపు వేలు పెట్టి. "ఇది నిజమైతే నిప్పు చట్టం కింద ఏడేళ్లు. అబద్ధమైతే తప్పుడు సమాచారం. దరఖాస్తు రద్దవుతుంది, ఈ జన్మలో మళ్లీ శాఖకు రాయకూడదు. మూడో దారి ఏమీ నా దగ్గర లేదు. ఉంటే ఇచ్చేదాన్ని."

నేను లేచాను. "నిప్పు పెట్టింది నేను. ఆమె పేరు మీద రాశాను."

"కూర్చోండి. మీరు పెట్టినా దళపెద్ద పెట్టించినట్టే లెక్క. ఏడేళ్లు ఆమెకే, ఇంకో ఏడేళ్లు మీకు."

"అయితే చట్టం తప్పు" అన్నాను. "ఊరు బతికింది. అక్కడికి పోయి చూడండి, గద్ద బొమ్మకు మొక్కుతున్నారు. ఒక్కసారి నిజం వినడానికి మీకు..."

"వింటాను బాబూ" అంది అధికారి, విసుగ్గా కూడా కాదు, అలసటగా. "దీన్ని మీరు రాశారు. మీరు కళ్లారా చూశారా? చూశానంటే నిజమని రాసుకుంటాను."

అక్క నా వైపు చూడలేదు. ఒళ్లో చేతులు పెట్టుకుని, ఆ గదిలోని గాలిని నెమ్మదిగా, ఎవరికీ తెలియకుండా లోపలికి తీసుకుంటోంది. జైల్లో ఆ గాలి ఉండదు. జైలు ఉన్నది బూడిద పడే వైపు.

నా చొక్కాలో ఉన్న ప్రతి గుడ్డా ఇలాంటి క్షణం గురించే చెప్పింది. అధికారం ముందు నిలబడి నిజం చెప్పమంది. నిజానికి ఇంకొకరి ఊపిరి పణంగా ఉన్నప్పుడు ఏం చేయాలో ఏ అతుకులోనూ లేదు.

"చూడలేదు" అన్నాను. "నేనూ వీపు తిప్పే ఉన్నాను. మార్కుల కోసం కల్పించాను."

అధికారి రాసుకుని, కింద నా సంతకం తీసుకుంది. అక్కను అడిగింది.

"పిల్లోడు కథలు రాస్తాడు మేడమ్" అంది అక్క. "చొక్కాచదువు."

రేకు మీద అడ్డంగా ముద్ర కొట్టారు. నీలంపాడును కాపాడింది గద్దలేనని నా సంతకంతోనే ఇప్పుడు ప్రభుత్వ రికార్డులో ఉంది.

గది బయటికి వచ్చీరాగానే అక్కకు దగ్గు తెర వచ్చింది. గోడ పట్టుకుని నిలబడింది. దగ్గరికి పోయాను. పొమ్మనలేదు, రమ్మనలేదు.


రేకు 7

గాలి ఉత్తరం. మూడు వైపులా పొగ. రేపో ఎల్లుండో మంటకు పిలుస్తారు.

అక్క నాతో మాట్లాడి చాలా రోజులైంది. గీత మీద "జరుగు", "ఎత్తు", అంతే. గొడ్డలి మద్దయ్యకు ఇచ్చేసింది. కాసేపు దంతె పడితే కూర్చోవాల్సి వస్తోంది.

పొద్దున నీళ్లు పట్టుకుంటూ పుల్లమ్మ దగ్గింది. చిన్న దగ్గు. తనే నవ్వి, దుమ్ము అంది. ఉమ్మి, దాని మీదికి కాలితో మట్టి తోసింది. అక్క అది చూసింది.

దరఖాస్తుల గడువుకు ఇంకా కొంచెం సమయం ఉంది. మధ్యాహ్నం అక్క పుల్లమ్మను చెయ్యి పట్టుకుని నా ముందు కూర్చోబెట్టింది. "రేకు తియ్యి. దీనికి రాయి" అంది.

"నాకేం తెలుసక్కా, రెండేళ్లు గూడ నిండలే" అంది పుల్లమ్మ.

"నువ్వు గమ్మున కూర్చో. పన్నెండేండ్లు చేసినావు నువ్వు. రాయిరా. నా లెక్క నా పేరు మీద ఇంక చెల్లదు. దీని పేరు మీద చెల్లుతాది. యాడా ఎవరి పేరూ పెట్టుకోలేదు గదా మనం, ఎవరికైనా ఇయ్యొచ్చు. మేస్త్రీతో మాట్లాడినా. వేలిముద్ర ఏస్తానన్యాడు."

నేను సూదిని రేకు మీద పెట్టలేదు.

"ఏందిరా, అబద్ధమా?"

అవును, అబద్ధమే. ఆ మాట అనలేదు. "ప్రకటనలో మాటలు కలుపుతా అక్కా" అన్నాను. "అట్లయితేనే మార్కులు పడతాయి."

"కలుపు."

చెప్పడం మొదలుపెట్టింది. మొదటి మంటకాలం, పులిచెలమ. గాలి తిరిగినప్పుడు పదిమందిని వాగులోకి దింపింది నేను. రెండో మంటకాలం, గద్ద ఆదేశాలను పాటిస్తూ ఎగువ గీతను ఒంటరిగా నిలబెట్టింది నేను. నాడు ఎంత అడిగినా రాని 'నేను' ఇప్పుడు తడబడకుండా వస్తోంది, ఎప్పుడూ వినని మంటలు, ఎప్పుడూ వినని ఊళ్లు. మద్దయ్య పార పక్కన పెట్టి వినడానికి వచ్చాడు. పుల్లమ్మ ఒక్కొక్క ఊరి పేరూ పెదాలు కదుపుతూ కంఠతా పడుతోంది, రేపు ఎవరైనా అడిగితే చెప్పాలి కాబట్టి. ఎదురుమంట మాట ఎక్కడా రాలేదు. కోతులలోయ రాలేదు.

"ఐదో మంటకాలం" అంది అక్క. "ఐదో మంటకాలంలో, నేను..."

దగ్గు వచ్చింది. పుల్లమ్మ ఆమె వీపు మీద చేయి వేసింది. వాక్యం సగంలో ఉంది. నేను సూది రేకు మీది నుంచి ఎత్తి పట్టుకుని, ఆమెకు ఊపిరి అందేదాకా కూర్చున్నాను.